టెంకాయ పీచు, చెరకు పిప్పి, వరిగడ్డి: లిగ్నిన్ ఎందులో ఎక్కువ?

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి ఈ మూడింటి నుంచి లిగ్నిన్ (మొక్కల నారకు గట్టిదనం ఇచ్చే పదార్థం) తీసి పోల్చాలి, ఎందులో ఎక్కువ వస్తుంది అని అడిగారు. టెంకాయ పీచులోనే, అనుమానమే అక్కర్లేదు. కానీ మీ పట్టికలో వరిగడ్డి ముందుకొస్తే నమ్మకండి. నాకు అలాగే వచ్చింది.

తిరుపతిలో చదివేటప్పుడు నాదీ ఇదే ప్రాజెక్టు. పీచు అలిపిరి దారిలో టెంకాయల అంగట్లో అడగ్గానే ఇచ్చారు. పిప్పికే తిప్పలు. చిత్తూరు దగ్గర బెల్లం గానుగకు పోతే, "పిప్పంతా నీకిస్తే పెనం కింద ఏం మండించేదబ్బా?" అన్నాడు పెద్దాయన. చివరికి ఒక సంచి ఇచ్చాడు.

మూడింటినీ విడివిడిగా కాస్టిక్ సోడాలో ఉడికించి, వడగట్టిన నల్ల నీళ్లలో సల్ఫ్యూరిక్ యాసిడ్ చుక్కచుక్కగా వేశాను. పీచుదీ, పిప్పిదీ గోధుమరంగు మడ్డిలా అడుక్కి దిగింది. వరిగడ్డిది సగ్గుబియ్యం గంజిలా చిక్కబడింది. వడకట్టబోతే తెల్లారేసరికి కూడా గరాటులో సగం అలాగే ఉంది. ఆరబెట్టి తూస్తే అన్నిటికంటే అదే ఎక్కువ! సంబరంగా రాసేసుకున్నా. సీనియర్ అక్క ఒకావిడ ఆ పొడిని వేళ్ల మధ్య నలిపి, "ఇసకలా గరగరమంటోంది, కాల్చి చూశావా?" అంది. లిగ్నిన్ అయితే కాలిపోవాలి కదా, ఫర్నేస్‌లో పెట్టి తీస్తే క్రూసిబుల్‌లో (కాల్చే మూసలో) తెల్లటి బూడిద. సిలికా, ఇసకలో ఉండేదే! గడ్డిలోని సిలికా క్షారంలో, అంటే కాస్టిక్ సోడాలో కరిగి, యాసిడ్ పడగానే లిగ్నిన్‌తో పాటే దిగిపోతుంది.

ఇంకో తిరకాసు. గడ్డి జాతిలో లిగ్నిన్‌ని పట్టుకున్న ఎస్టర్ అనే రసాయన బంధాలు క్షారానికి తొందరగా తెగిపోయి, లిగ్నిన్ సులువుగా బయటపడుతుంది. అందుకని బయటికి వచ్చిందెంత అన్నది వేరు, లోపల ఉన్నదెంత అన్నది వేరు. చాలామంది ప్రాజెక్టు రిపోర్టుల్లో ఈ రెండూ కలిపేసి ఒకే శాతం రాస్తారు, అడిగేవాళ్లూ ఉండరు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

పోల్చాలంటే, మిగతాదాన్ని యాసిడ్‌లో కరిగించి కరగని లిగ్నిన్‌ని తూచే క్లాసన్ పద్ధతే పెట్టుకోండి: 72 శాతం సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో 30 డిగ్రీల దగ్గర గంటసేపు, తర్వాత 4 శాతానికి పలచన చేసి ఆటోక్లేవ్‌లో (ప్రెషర్ కుక్కర్ లాంటిది) 121 డిగ్రీల దగ్గర ఇంకో గంట. కరగకుండా మిగిలినదాన్ని ఎండబెట్టి తూచి, 575 డిగ్రీల దగ్గర కాల్చి, బూడిద బరువు తీసేయండి. పిప్పిని మాత్రం ముందే వేడినీళ్లతో బాగా కడగాలి. మిగిలిన చక్కెర యాసిడ్‌లో నల్లబడి లిగ్నిన్ లెక్కలో కలిసిపోతుంది. పీచు 40 శాతం అటూ ఇటూ, పిప్పి 20-25 మధ్య వస్తే మీరు సరిగ్గా చేసినట్టే. బూడిద తీసేశాక నా వరిగడ్డి మూడింటిలో ఆఖరి స్థానానికి పోయింది.