పగిలిన జాడీతో పూలకుండీ

ప్రశ్న: ఇల్లు మారుతుంటే మా అమ్మమ్మ నాటి ఆవకాయ జాడీ, నీలం పూల పింగాణీ ప్లేట్లు పగిలిపోయాయి. పారేయడానికి మనసొప్పక ఆ ముక్కల్ని డాబా మీదున్న మట్టి కుండీకి చెక్కపనికి వాడే తెల్ల జిగురుతో అతికించాను. మొదటి వానకే సగం ఊడిపోయాయి. మళ్లీ చేయాలంటే ఎలా?
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: మళ్లీ చేయండి, తప్పకుండా చేయండి. ఊడిపోవడానికి కారణం ఆ జిగురే. అది తడికి మెత్తబడుతుంది, పైగా మట్టి కుండీ నీళ్లు పీల్చుకుంటుంది కాబట్టి మీరు మొక్కకు రోజూ పోసే నీళ్లే వెనక నుంచి వచ్చి ముక్కల్ని వదులు చేస్తాయి. అందుకని ముందు కుండీ లోపల వాటర్‌ప్రూఫ్ పూత రెండుసార్లు వేసి బాగా ఆరనివ్వండి, అడుగున చిల్లు మాత్రం మూసేయొద్దు. అతికించడానికి టైల్స్ షాపులో దొరికే సిమెంటు రకం టైల్ అడ్హెసివ్ తీసుకోండి, బయట వాడకానికి పనికొస్తుందని సంచి మీద ఉందో లేదో చూసుకోండి.

ప్లేటును పాత తువ్వాలులో చుట్టి సుత్తితో మెల్లగా తట్టాలి, బాదితే పిండైపోతుంది. కళ్లద్దాలు, గ్లవ్స్ లేకుండా మాత్రం మొదలుపెట్టొద్దు, పింగాణీ పెచ్చు కంట్లో పడితే చాలా ప్రమాదం. నీలం పువ్వున్న చోట సుత్తి వాడకుండా టైల్ నిప్పర్‌తో (టైల్ ముక్కలు కొరికే పటకారు) చుట్టూ కొద్దికొద్దిగా కొరుకుతూ పువ్వును పూర్తిగా మిగల్చండి, ఎందుకంటే రేపు కుండీని చూసినవాళ్లకు అది మీ అమ్మమ్మగారి ప్లేటని తెలిసేది ఆ పువ్వు వల్లే. ప్లేటు అంచు ముక్కలు నున్నగా ఉంటాయి కదా, వాటిని కుండీ మూతి చుట్టూ పెట్టుకుంటే చెయ్యి తెగదు. జాడీ పెంకులు మందం, ప్లేటు ముక్కలు పలుచన, అందుకని పలుచటి వాటి కింద అడ్హెసివ్ కాస్త ఎక్కువ పెట్టి పైకి సమానంగా తెచ్చుకోవాలి.

ముక్కల మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు వదిలి, ఒక రోజు ఆరాక గ్రౌట్ (టైల్స్ సందుల్లో నింపే సిమెంటు ముద్ద) నింపండి. నీలం పూలకు తెల్ల గ్రౌట్ కంటే బూడిదరంగుదే నాకు నచ్చుతుంది, పువ్వు ఎత్తి కనపడుతుంది. గ్రౌట్ కొంచెం బిగుస్తుండగానే తడి స్పాంజితో తుడిచేయాలి, లేటయితే పింగాణీ మీద పట్టేస్తుంది. ఆ కడిగిన నీళ్లు సింకులో పోయొద్దు, పైపులో గడ్డకడతాయి. రెండు మూడు రోజులు నీడన ఉంచి, తడిగుడ్డ కప్పి, ఆ తర్వాతే మొక్క పెట్టండి.

ప్రశ్న: పగిలిన గాజులు, టైల్ ముక్కలు, పాత తాళంచెవులు దాచుకుంటున్నాను. ఇంట్లో అందరూ చెత్త అంటున్నారు. వీటితో పెరట్లో ఏమైనా చేయొచ్చా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: చండీగఢ్‌లోని రాక్ గార్డెన్ ఫొటోలు వాళ్లకు చూపించండి. దాన్ని కట్టిన నేక్‌చంద్ అక్కడ ప్రజాపనుల శాఖ (పీడబ్ల్యూడీ)లో రోడ్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసేవారు. నగర నిర్మాణం కోసం ఊళ్లు కూల్చేసిన చోట మిగిలిన శిథిలాలు, విరిగిన పింగాణీ, గాజుల ముక్కలు పోగేసి 1957 నుంచి అడవిలో ఎవరికీ చెప్పకుండా బొమ్మలు చేశారు. అధికారుల కంటపడే నాటికి ఏళ్లు గడిచిపోయాయి. కట్టింది ప్రభుత్వ స్థలంలో కాబట్టి కూల్చేసేవారే, కానీ జనం మద్దతుతో నిలిచింది. 1976లో తెరిచారు, 1984లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. గాజుల ముక్కలనే బట్టలుగా తొడుక్కున్న ఆ ఆడబొమ్మల్ని చూస్తే ఎవరూ చెత్త అనలేరు.

మీరు చిన్నగా తులసికోట గోడతో మొదలుపెట్టండి. గాజుల్ని పచ్చి సిమెంటులో సగం లోతు దాకా నొక్కేయాలి, పైపైన అతికిస్తే నిలవవు. ఇనుప తాళంచెవులు మాత్రం తుప్పుపట్టి చుట్టూ సిమెంటును పగలగొడతాయి, ఇత్తడివే వాడండి. నడిచే దారిలో ఇవేవీ వద్దు, పెరట్లో పిల్లలు చెప్పుల్లేకుండానే తిరుగుతారు.