థీమ్ హౌస్ అంటే ఏమిటి? మా అమ్మాయికి సరిపడుతుందా?

ప్రశ్న: మా అమ్మాయికి అమెరికాలో బీఎస్ సీటు వచ్చింది. హౌసింగ్ ఫారంలో మామూలు డార్మ్ (క్యాంపస్ హాస్టల్)తో పాటు లివింగ్ లెర్నింగ్ కమ్యూనిటీ, థీమ్ హౌస్ అని ఏవేవో ఉన్నాయి. ఇవన్నీ ఎందుకు, నలుగురు తెలుగు పిల్లలతో కలిసి బయట అపార్ట్‌మెంట్ తీసుకుంటే ఖర్చు తగ్గుతుంది కదా అని బంధువులు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ బంధువులు చెప్పేది ఎంఎస్ పిల్లల లెక్క. బీఎస్ పిల్లలు మొదటి ఏడాది క్యాంపస్‌లోనే ఉండాలని చాలా యూనివర్సిటీల్లో నియమం ఉంటుంది. మీ అమ్మాయి చేరే చోట ఆ నియమం ఉందేమో ముందు కనుక్కోండి. ఉంటే అపార్ట్‌మెంట్ మాట వచ్చే ఏడాదికే.

థీమ్ హౌస్ అంటే పెద్ద బ్రహ్మపదార్థం కాదు. డార్మ్‌లో ఒక ఫ్లోరో, ఒక భవనం మొత్తమో ఒకే ఆసక్తి ఉన్న పిల్లలకు కేటాయిస్తారు. ఉదాహరణకు కార్నెల్ యూనివర్సిటీలో పర్యావరణం మీద ఆసక్తి ఉన్నవాళ్లకు ఎకాలజీ హౌస్, నాటకాలు, కళలు ఇష్టపడేవాళ్లకు రిస్లీ హాల్ ఉన్నాయి. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలోని ఒకాడా అనే డార్మ్ ఆసియన్ అమెరికన్ థీమ్‌తో నడుస్తుంది. లివింగ్ లెర్నింగ్ కమ్యూనిటీలో చదువు కూడా కలుస్తుంది. ఫ్లోర్‌లో ఉన్నవాళ్లంతా కలిసి ఒకటో రెండో క్లాసులు తీసుకోవాల్సి రావచ్చు. అవి డిగ్రీ లెక్కలోకి వస్తాయో రావో ముందే అడగండి.

నన్నడిగితే, వారం వారం పిల్లలను ఒకచోట చేర్చి ఏదో ఒక పని చేయించే థీమ్ తీసుకోమంటాను. పేరు ఘనంగా పెట్టుకుని సెమిస్టర్‌కో పిజ్జా పార్టీతో సరిపెట్టేవీ ఉంటాయి. పోయినేడాది ఆ ఫ్లోర్ వాళ్లు ఏమేం చేశారని హౌసింగ్ ఆఫీసుకు ఒక మెయిల్ పెడితే సంగతి తేలిపోతుంది. మనవాళ్లు లేకపోతే అమ్మాయి ఒంటరిదైపోతుందేమో అన్న బెంగ వద్దు. తెలుగువాళ్లు ఎలాగూ దొరుకుతారు, అడగకపోయినా దీపావళికి పిలుస్తారు. మిగతావాళ్లతో స్నేహం కుదరడమే మనవాళ్లకు కష్టం. ఫ్లోర్‌లో అందరూ కలిసి చేసే పని ఒకటి ఉంటే అది తేలికవుతుంది.

సెలవుల విషయం మనవాళ్లు అసలు పట్టించుకోరు. డిసెంబర్‌లో చాలా డార్ములు మూసేస్తారు. అమెరికా పిల్లలు పెట్టె సర్దుకుని ఇంటికెళ్తారు. మీ అమ్మాయి మూడు నాలుగు వారాలు ఎక్కడుంటుంది? కొన్ని భవనాలు ఏడాది పొడవునా తెరిచే ఉంటాయి, కొన్నిచోట్ల అదనంగా డబ్బు కడితే ఉండనిస్తారు. థీమ్ ఎంత బాగున్నా ఈ జవాబు తెలియకుండా సంతకం పెట్టవద్దు. డైనింగ్ హాల్ కూడా అప్పుడు మూతపడవచ్చు. మీల్ ప్లాన్ (డైనింగ్ హాల్ భోజనానికి ముందే డబ్బు కట్టే పద్ధతి) తీసుకోవడం తప్పనిసరా, ఫ్లోర్‌లో వంటగది ఉందా అన్నవీ అదే మెయిల్‌లో అడిగేయండి.

ఖర్చు తగ్గాలంటే కో-ఆప్ ఇళ్లు, అంటే విద్యార్థులే సహకార పద్ధతిలో నడుపుకునే ఇళ్లు, ఒక దారి. కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో 1933లో, ఆర్థిక మాంద్యం రోజుల్లో మొదలైన కో-ఆప్ ఇప్పటికీ నడుస్తోంది. అందులో లోత్లోరియన్ అనే ఇల్లు పూర్తిగా శాకాహారం. మిషిగన్‌లోని ఆన్ ఆర్బర్, టెక్సస్‌లోని ఆస్టిన్‌లలోనూ ఇలాంటి ఇళ్లున్నాయి. డార్మ్ కంటే చవక, కానీ వంట, గిన్నెలు, బాత్రూములు పిల్లలే వంతులవారీగా చూసుకోవాలి. బర్క్‌లీలో అయితే వారానికి ఐదు గంటల పని. ఇంట్లో తిన్న కంచం తీయని పిల్లలకు మొదటి నెల చుక్కలు కనిపిస్తాయి.

అపార్ట్‌మెంట్ సంగతి రెండో ఏడాది వస్తుంది కాబట్టి క్లుప్తంగా చెబుతాను. నలుగురూ ఒకే లీజు మీద సంతకం చేస్తే, మధ్యలో ఒకరు వెళ్లిపోయినా ఆ అద్దె మిగతావాళ్ల నెత్తిన పడుతుంది. ఎవరి మంచానికి వాళ్లకే లీజు రాసే చోటైతే ఆ టెన్షన్ లేదు. డిపాజిట్ సంగతీ తెలుసుకోండి. ఉదాహరణకు టెక్సస్‌లో ఖాళీ చేశాక 30 రోజుల్లో డిపాజిట్ తిరిగివ్వాలి. అయితే కొత్త చిరునామా రాతపూర్వకంగా ఇచ్చిన తర్వాతే ఓనర్ మీద ఆ బాధ్యత ఉంటుంది.

చివరగా, హౌసింగ్ ఫారంలో రూమ్మేట్ కోసం అడిగే ప్రశ్నలను అమ్మాయితోనే నింపించండి. తెల్లవారుజామున రెండింటిదాకా ఫోన్ చూసే పిల్లను ‘పదింటికల్లా పడుకుంటుంది’ అని మీరు రాసేస్తే, ఐదింటికి అలారం పెట్టుకుని జిమ్‌కి వెళ్లే రూమ్మేట్‌ను ఇస్తారు.