అల్లుడూ, ముందు నీ బొటనవేళ్ల సంగతి చూడు

అల్లుడూ,

బోనస్ వచ్చింది కదా, ఓవర్‌డ్రైవ్ పెడల్ (గిటార్ శబ్దాన్ని గరుకుగా మార్చే, కాలితో నొక్కే పెట్టె) కొనాలా, ఏకంగా కొత్త గిటారే కొనేయాలా అని అడిగావు. రెండూ ఇప్పుడు వద్దురా. నీ దగ్గరున్న గిటార్ మంచిదే. దాని నుంచి రావాల్సిన నాదంలో సగం కూడా నువ్వింకా బయటికి తీయలేదు.

జాజ్ గిటారిస్టు వెస్ మాంట్‌గొమెరీ 1960లో చేసిన ‘ది ఇన్‌క్రెడిబుల్ జాజ్ గిటార్’ ఆల్బమ్ విను. నీకు కావాలంటున్న ఆ మెత్తని, గుండ్రటి నాదం అక్కడే ఉంది. ఆయన పిక్ (తీగలు మీటే చిన్న బిళ్ల) వాడలేదు, బొటనవేలితోనే మీటాడు. పగలు ఉద్యోగం చేసుకుని ఇంటికొచ్చి రాత్రిళ్లు సాధన చేసేవాడు. ఇరుగుపొరుగు నిద్ర పాడవకూడదని పిక్ పక్కన పెట్టాడు. సోలో ఎలా పెంచుతాడో గమనించు. మొదట ఒక్కొక్క స్వరం, కాసేపటికి ఆక్టేవులు (ఒకే స్వరం, కింది స్థాయిలోనూ పై స్థాయిలోనూ కలిపి), ఆఖర్న నిండు కార్డులు (ఒకేసారి మోగే స్వరాల గుంపులు). ఈ రాత్రికే మెడ వైపు పికప్ (తీగల కంపనాన్ని అందుకునే భాగం) పెట్టి, టోన్ నాబ్ సగానికి తగ్గించి, బొటనవేలితో వాయించి చూడు. కొన్నాళ్లు శబ్దం మొద్దుగా వస్తుంది, వేలు మండుతుంది. ఆపకు.

రాక్‌లో అయితే రెండో చేతి, అంటే తీగలు నొక్కే చేతి బొటనవేలు. రాక్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ పాట ‘లిటిల్ వింగ్’ రెండున్నర నిమిషాలు కూడా ఉండదు. నాకు మాత్రం రాక్ గిటార్‌లో అంతకంటే అందమైనది లేదు. బొటనవేలిని మెడ మీదుగా వంచి లావు తీగను నొక్కుతాడు కాబట్టి, మిగతా వేళ్లు కార్డు చుట్టూ అల్లికలు అల్లుతాయి. శబ్దాన్ని బాగా గరుకు చేసే ఫజ్ పెడల్ ఆన్‌లో ఉండగానే గిటార్ వాల్యూమ్ తగ్గించి శుభ్రమైన శబ్దం తెచ్చేవాడు. నీ వీడియోల్లో ఆ నాబ్ ఎప్పుడూ పదిలోనే ఉంటోంది. ఆరుకి తగ్గించి చూడు, కొత్త పెడల్ కొన్నట్టే ఉంటుంది.

ఇంకో మాట. కుర్రాడిగా ఉన్నప్పుడు నాకు జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ క్యాసెట్ దొరికింది. అందులో మొదటి ట్రాకు ‘సో వాట్’తో కలిపి వాయిస్తే నా గిటార్ శ్రుతి ఎప్పుడూ ఒక పిసరు కిందే ఉండేది. వారం రోజులు తీగలు బిగించీ వదులు చేసీ, చివరికి నా చెవి పనికిరాదనుకుని గిటార్ మంచం కిందికి తోసేశాను. చాలా ఏళ్లకు గానీ అసలు సంగతి తెలియలేదు. 1959 మార్చి 2న న్యూయార్క్‌లో దాన్ని రికార్డు చేసినప్పుడు టేప్ మెషీన్ కాస్త నెమ్మదిగా తిరిగింది. ఆ టేపును మామూలు వేగంతో తిప్పితే సంగీతం కాస్త వేగంగా నడుస్తుంది కదా, అందుకే ఎల్‌పీ రికార్డు మొదటి వైపున్న మూడు ట్రాకులూ శ్రుతి పైకి వినిపించేవి. 1992లో సరిచేశారు. నా చెవి సరిగ్గానే విందిరా! అందుకే చెబుతున్నా, రికార్డుతో వాయించేటప్పుడు ట్యూనర్ వైపు చూడకు, రికార్డుకే శ్రుతి చేసుకో.

ఖర్చు పెట్టాలనే ఉంటే ఫ్లాట్‌వౌండ్ తీగలు (పైన చుట్టిన లోహం చదునుగా, నున్నగా ఉండేవి) కొను. వేళ్లు జారే కీచు శబ్దం దాదాపు ఉండదు. తీగల మందం మారితే మెడ మీద లాగుడు మారుతుంది కాబట్టి, అవి వేశాకే సెటప్ (మెడ వంపు, తీగల ఎత్తు సరిచేయడం) చేయించు. సంక్రాంతికి చూశాను, నీ తీగలు ఫ్రెట్ల మీద మరీ ఎత్తుగా ఉన్నాయి. విశాఖ ఉప్పుగాలికి ఊరికే తుప్పు పడతాయి, వాయించిన ప్రతిసారీ పొడిగుడ్డతో తుడువు.

దసరాకి వస్తున్నాను. ‘సో వాట్’ మొదట్లో బేస్ వేసే ప్రశ్న నేను వేస్తాను, ఆ రెండు కార్డుల జవాబు నువ్వు బొటనవేలితో ఇవ్వాలి.

మీ మామయ్య