ఖగోళ పరిశోధనలో చేరుతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

ఖగోళశాస్త్రంలో పీహెచ్‌డీకి ఎంపికయ్యావని తెలిసి ఎంతో సంతోషించాను. టెలిస్కోపులు వాటంతటవే పనిచేస్తున్న ఈ రోజుల్లో పరిశీలకులకు ఏం పని మిగిలిందని అడిగావు.

లదాఖ్‌లోని హాన్లేలో, సుమారు 4,500 మీటర్ల ఎత్తున ఉన్న హిమాలయన్ చంద్ర టెలిస్కోపును ఎన్నో ఏళ్లుగా బెంగళూరు దగ్గరి హోసకోటె నుంచే ఉపగ్రహం ద్వారా నడుపుతున్నారు. చిలీలోని వేరా రూబిన్ అబ్జర్వేటరీ ఇంకా ముందుకు వెళ్లింది. 3,200 మెగాపిక్సెళ్ల కెమెరాతో పదేళ్లపాటు దక్షిణాకాశాన్ని మళ్లీ మళ్లీ చిత్రించి, కొత్త చిత్రం నుంచి పాతదాన్ని తీసివేసి, మార్పు కనిపించిన ప్రతిచోటి గురించీ సూచన పంపడం దాని ప్రణాళిక. ఆ సూచనలు రాత్రికి కోటి దాకా ఉండవచ్చని అంచనా.

అన్నిటిని మనుషులు చూడలేరు కనుక వడపోత ప్రోగ్రాములకే వదలాలి. కానీ ప్రోగ్రాము సూపర్‌నోవా (పేలిపోతున్న నక్షత్రం) అని చెప్పినంత మాత్రాన నమ్మవద్దు. కొత్త చిత్రాన్ని, పాతదాన్ని, వాటి తేడాను పక్కపక్కన పెట్టుకొని నీ కళ్లతో చూడు. కాస్మిక్ కిరణం తగిలిన పిక్సెల్, ఉపగ్రహం గీసిన గీత, కెమెరా అద్దాల మధ్య పరావర్తనం వల్ల ఏర్పడిన నకిలీ బొమ్మ, రెండు చిత్రాలు సరిగ్గా కలవక మిగిలిన నలుపు తెలుపు మచ్చ, ఇవన్నీ కొత్త నక్షత్రాల్లాగే భ్రమింపజేస్తాయి. వాటిని పోల్చుకునే చూపు అలవడాలంటే తమిళనాడులోని కావలూరు వేధశాల వంటి చోట కొన్ని రాత్రులైనా టెలిస్కోపు దగ్గరే గడపాలి. పలుచని మబ్బు, గాలిలోని తేమ కొలతను ఎలా మారుస్తాయో అక్కడ తెలిసినంతగా తెరముందు తెలియదు.

ఇకపై కొత్తవాటిని కనుగొనడం కన్నా, దేనికి వర్ణపటం (వెలుగును రంగులుగా విడదీసిన నమోదు) తీయాలో ఎంచుకోవడమే కష్టం, ఎందుకంటే పెద్ద టెలిస్కోపుల సమయం ఎప్పుడూ తక్కువే. 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొనడం వల్ల పుట్టిన గురుత్వ తరంగాలు అందినప్పుడు, ఆ తాకిడి వెలుగును ముందుగా పట్టుకున్నది చిలీలోని, ఒక మీటరు వ్యాసపు అద్దమున్న స్వోప్ టెలిస్కోపు. ఆ తరంగాలు సూచించిన దూరంలో ఉండగల గెలాక్సీల జాబితా వేసుకొని వరుసగా చూసిన బృందానికి ఎన్‌జీసీ 4993 అనే గెలాక్సీలో కొత్త చుక్క కనిపించింది. ఎక్కడ వెతకాలో తెలిసినందువల్లే చిన్న పరికరంతో అది సాధ్యమైంది. అందుకే భౌతికశాస్త్రం చదవడానికి కేటాయించిన గంటలను కోడింగ్‌కు ధారపోయవద్దు.

ప్రోగ్రాములు రాయడం మాత్రం తప్పదు, బాగా నేర్చుకో. ఆ పనికి వ్యాసాల్లో దక్కవలసిన గుర్తింపు చాలాచోట్ల దక్కడం లేదన్నది నన్ను బాధించే విషయం. రచయితల జాబితాలో నీ పేరు ఎప్పుడు, ఎలా ఉంటుందో చేరే ముందే గైడ్‌తో స్పష్టంగా మాట్లాడుకో.