మిల్టన్ కూడు పెడతాడా?

ప్రశ్న: మా అమ్మాయి బీఏ చివరి ఏడాదిలో ఉంది. ఎంబీఏ చేయమంటే వినదు. ఎంఏ ఇంగ్లిష్ చేసి, మిల్టన్, మార్వెల్‌ల మీద పరిశోధన చేస్తానంటోంది. ఎప్పుడో 17వ శతాబ్దపు కవిత్వం ఇప్పుడు కూడు పెడుతుందా? - ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఆ కవిత్వం వాళ్లకే కూడు పెట్టలేదండి. ‘ప్యారడైజ్ లాస్ట్’ కావ్యం హక్కులిచ్చినందుకు 1667లో మిల్టన్ చేతికొచ్చింది 5 పౌండ్లు. మొదటి 1300 ప్రతులు అమ్ముడయ్యాక మరో 5. ఆయన్ను పోషించింది కొలువు. అప్పట్లో రాజ్యాల మధ్య ఉత్తరాలు చాలావరకు లాటిన్‌లో నడిచేవి. ఆ భాష మీద పట్టుండబట్టే 1649లో ఇంగ్లండ్ ప్రభుత్వం ఆయన్ను విదేశీ భాషల కార్యదర్శిగా తీసుకుంది. జీతం ఏడాదికి 288 పౌండ్ల పైమాటే. 1652 నాటికి చూపు పూర్తిగా పోయినా, చెప్పి రాయిస్తూ పని సాగించాడు. ఒక సేనాని కూతురికి భాషలు నేర్పిన మార్వెల్ 1657లో అదే కార్యాలయంలో చేరి, తర్వాత హల్ పట్టణం నుంచి పార్లమెంటుకు వెళ్లాడు.

అందుకే ఎంఏ వద్దనకండి, పక్కన ఒక విదేశీ భాష పెట్టించండి. హైదరాబాద్‌లోని ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం)లో ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్ ఉన్నాయి. భాష గట్టిగా వస్తే అనువాదం, సంపాదకత్వం లాంటి పనులకు దారి ఉంటుంది. ఇష్టం లేని ఎంబీఏకు ఫీజు కట్టడం కన్నా ఇది నయం.

అమ్మాయికీ ఒక మాట. పరిశోధనాంశాన్ని ఇప్పుడే ఖాయం చేసుకోవద్దు. అధ్యాపక వృత్తికి ముందు సాధారణంగా నెట్ (జాతీయ అర్హత పరీక్ష) గట్టెక్కాలి. ఎంఏలో 55 శాతం (రిజర్వుడు వర్గాలకు 50) మార్కులుండాలి. సబ్జెక్టు మీద ఉండే రెండో పేపరులోని 100 ప్రశ్నలు మిల్టన్ దగ్గరే ఆగవు. జేఆర్‌ఎఫ్ అనే పరిశోధక వేతనం వస్తే మొదట నెలకు 37,000 రూపాయలు. రాకపోతే ఏం చేయాలో ముందే అనుకోవాలి.

ఆమెది మోజా, పట్టుదలా అని మీకు సందేహం ఉండవచ్చు. మార్వెల్ ‘టు హిజ్ కాయ్ మిస్ట్రెస్’ (బిడియపడే ప్రియురాలికి) కవితను తెలుగులో చెప్పమనండి. 46 పంక్తులే. ‘మనకు అంత కాలం ఉంటే’ అని మొదలై, ‘కానీ’ అని మలుపు తిరిగి, ‘కాబట్టి’ అని ముగింపుకొస్తుంది. వకీలు వాదన లాగే ఉంటుంది. ఆ మూడు మలుపులూ పట్టుకుని చెప్పగలిగితే ఏ ఆఫీసు కాగితమైనా చదివి సారం తీయగలదు. అందులో ప్రియురాలు గంగ ఒడ్డున కెంపులు ఏరుకుంటుంది, కవి తన ఊరి హంబర్ నది దగ్గర కూర్చుని వాపోతాడు. అంత దూరాన ఉన్న గంగే ఎందుకు కావలసి వచ్చిందో అడగండి. జవాబు చెబుతూ ఆమె అన్నం చల్లారిన సంగతి మరిచిపోతే ఫీజు కట్టేయండి.