ఫైనల్ ఏది, ఫైనల్-2 ఏది? ఆఫీసు ఇంట్రానెట్‌పై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మాది భవన నిర్మాణ సంస్థ. హెడ్డాఫీసులోనూ నాలుగు సైట్లలోనూ కలిపి 45 మందిమి కంప్యూటర్లు వాడతాం. డ్రాయింగులు వాట్సాప్ గ్రూపుల్లో, బిల్లులు మెయిళ్లలో, ఎస్టిమేట్లు ఒక్కొక్కరి సొంత జీమెయిల్ డ్రైవులో ఉంటున్నాయి. పోయిన నెల ఒక సైటులో పాత డ్రాయింగు చూసి ఫుటింగులకు (పునాదులకు) రాడ్ కట్టేశారు. అంతా విప్పి మళ్లీ కట్టించాల్సి వచ్చింది. అన్నీ ఒకేచోట దొరికేలా ఇంట్రానెట్ ఏర్పాటు చేయాలనుకుంటున్నాం. గూగుల్, మైక్రోసాఫ్ట్, జోహో, సొంత సర్వరు: వీటిలో ఏది తీసుకోమంటారు?
- ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఆ ఫుటింగుల దగ్గర పొరపాటు జరిగింది సైటు ఇంజినీరు చేతిలో డ్రాయింగు లేక కాదు, రెండు ఉండడం వల్ల. ఇప్పుడు మీరు ఎంత ఖరీదైన సాధనం కొన్నా, పాతదీ కొత్తదీ పక్కపక్కనే కనిపించేలా పెడితే ఇదే మళ్లీ జరుగుతుంది. కాబట్టి కంపెనీ పేరు తేల్చుకునే ముందు రెండు సంగతులు తేల్చుకోండి: ఫైలు ఎవరి పేరున ఉండాలి, చెల్లుబాటయ్యే ప్రతి ఎక్కడ ఉండాలి.

మొదటిది చాలామంది పట్టించుకోని విషయం. ఉద్యోగి సొంత జీమెయిల్‌లో పెట్టిన ఎస్టిమేటుకు యజమాని ఆ ఉద్యోగే. ఆయన మానేసి ఖాతా మూసేస్తే మీ దగ్గరున్న లింకు పనికిరాదు. సంస్థ పేరున డబ్బు కట్టి ఖాతాలు తీసుకున్నా ఈ చిక్కు పూర్తిగా పోదు. మైక్రోసాఫ్ట్‌లో వన్‌డ్రైవ్ అనేది ఉద్యోగి బల్ల సొరుగు లాంటిది. ఖాతా తీసేశాక, ప్రత్యేకంగా మార్చుకోకపోతే, అందులోవి 30 రోజులే నిలుస్తాయి. అదే కంపెనీ షేర్‌పాయింట్ ఆఫీసు బీరువా లాంటిది. ఎవరు వచ్చినా, ఎవరు వెళ్లినా అందులో కాగితాలు అలాగే ఉంటాయి. గూగుల్‌లో మై డ్రైవుకూ షేర్డ్ డ్రైవుకూ, జోహో వర్క్‌డ్రైవ్‌లో సొంత ఫోల్డరుకూ టీమ్ ఫోల్డరుకూ ఉన్న తేడా ఇదే. సంస్థ కాగితం ఏదైనా సొరుగులో కాక బీరువాలో ఉండాలన్న నియమం మొదటి రోజునే పెట్టండి. మైక్రోసాఫ్ట్ వారి సంభాషణల సాధనం టీమ్స్ వాడేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: చానెల్లో పెట్టిన ఫైలు వెనకాల షేర్‌పాయింట్‌లోకి చేరుతుంది, ఇద్దరి మధ్య చాట్‌లో పంపిన ఫైలు మాత్రం పంపినవారి వన్‌డ్రైవ్‌లోనే ఉండిపోతుంది.

రెండోది డ్రాయింగుల సంగతి. ప్రతి ప్రాజెక్టుకూ కనీసం రెండు ఫోల్డర్లు వేరుగా ఉంచండి: ఒకటి ఇంకా పని నడుస్తున్న డ్రాయింగులకు, రెండోది జారీ చేసిన డ్రాయింగులకు. మొదటిది సైటువారికి అసలు కనిపించకూడదు. రెండోదాంట్లో పీడీఎఫ్ మాత్రమే ఉండాలి. దాన్ని అక్కడ పెట్టే అధికారం హెడ్డాఫీసులో ఒకరికో ఇద్దరికో ఉండాలి. కొత్త రివిజన్ వచ్చిన క్షణమే పాతదాని నకలు మూడో ఫోల్డరులోకి చేరాలి, జారీ ఫోల్డరులో కొత్తది మాత్రమే కనిపించాలి. నిర్మాణ రంగపు సమాచార నిర్వహణ కోసం 2018లో వచ్చిన ఐఎస్ఓ 19650 ప్రమాణం కూడా, పని నడుస్తున్నవి, పంచుకున్నవి, ప్రచురించినవి, భద్రపరచినవి అంటూ ఈ విభజననే చెబుతుంది. వాట్సాప్‌ను మాన్పించడం మీ వల్ల కాదు, నా వల్లా కాదు. అందులో ఫైలు పంపకుండా లింకు పంపడం అలవాటు చేయండి చాలు. మేస్త్రీ ఆ లింకు ఎప్పుడు నొక్కినా ఆ రోజుకు చెల్లే డ్రాయింగే తెరుచుకోవాలి. అందుకు సాఫ్టువేరులో ఒక కిటుకు ఉంది: కొత్త రివిజన్‌ను కొత్త పేరుతో ఎక్కించకుండా, పాత ఫైలుకే కొత్త వెర్షన్‌గా ఎక్కిస్తే లింకు మారదు. రివిజన్ సంఖ్య డ్రాయింగు టైటిల్ బ్లాకులో ఎలాగూ ఉంటుంది.

ఇక డ్రాయింగులు గీసే సాఫ్టువేరు ఆటోక్యాడ్. అమ్మకానికి వచ్చే ప్రతినిధులు చూపించేది వర్డ్, ఎక్సెల్ ఫైళ్లను పదిమంది ఒకేసారి దిద్దడం. ఆటోక్యాడ్ డ్రాయింగును దాచే డీడబ్ల్యూజీ ఫైలుతో ఆ వేడుక కుదరదు. ఆఫీసు నెట్‌వర్కు ఫోల్డరులో ఒకరు డ్రాయింగు తెరిస్తే ఆటోక్యాడ్ పక్కనే చిన్న తాళం ఫైలు సృష్టిస్తుంది. రెండోవారు తెరిస్తే ఫలానా వారు వాడుతున్నారని హెచ్చరిస్తుంది. క్లౌడు నుంచి ఒక్కొక్కరి కంప్యూటరులోకి సింక్ అయ్యే ఫోల్డరులో ఈ తాళం సకాలంలో అవతలివారికి చేరదు. ఇద్దరూ దిద్దుతారు, సాయంత్రానికి రెండు ప్రతులు తయారవుతాయి. పైగా ఒక డ్రాయింగులోకి మరొకదాన్ని తెచ్చుకునే ఎక్స్‌రెఫ్‌లు తెగిపోతాయి, ఎందుకంటే వన్‌డ్రైవ్ సింక్ ఫోల్డరు చిరునామాలో ప్రతి ఉద్యోగి యూజర్ పేరూ చేరుతుంది. మీ కంప్యూటరులో ఉన్న దారి పక్కవారి కంప్యూటరులో ఉండదు. ఎక్స్‌రెఫ్ దారిని రిలేటివ్‌గా, అంటే ఆ డ్రాయింగు ఉన్న ఫోల్డరు నుంచి లెక్కగట్టేలా పెడితే ఈ బాధ తప్పుతుంది. ఆటోక్యాడ్ 2018 నుంచి అది సహజంగానే అలా ఉంటుంది కాని, అంతకుముందు గీసిన ఫైళ్లను ఒకసారి సరిచూసుకోవాలి. ఖాతాల సాఫ్టువేరు ట్యాలీ డేటా ఫోల్డరును సింక్ ఫోల్డరులో పెట్టే పని మాత్రం పొరపాటున కూడా చేయకండి. నిమిష నిమిషానికీ మారే డేటాబేసును ముక్కలుగా పైకి పంపితే అది పాడయ్యే ప్రమాదం ఉంది. అక్కడికి వెళ్లాల్సింది ట్యాలీ తీసిన బ్యాకప్ ఫైలు.

కాబట్టి మీ పరిస్థితికి నా సలహా రెండింటి కలయిక. హెడ్డాఫీసులో డ్రాయింగులు గీసేవారి కోసం ఒక ఎన్ఏఎస్ పెట్టె, అంటే నెట్‌వర్కుకు తగిలించిన నిల్వ. జారీ అయిన డ్రాయింగులు, ఎం-బుక్ (పని కొలతల పుస్తకం) స్కానులు, బిల్లులు, ఉత్తరాల కోసం ఒక క్లౌడు సేవ. నాలుగు సైట్ల నుంచి వీపీఎన్ మీద, అంటే బయటినుంచి ఆఫీసు నెట్‌వర్కులోకి వేసుకునే రహస్య దారిలో, ఎన్ఏఎస్‌లోని డీడబ్ల్యూజీ తెరవాలంటే విసుగొస్తుంది, సైటువారికి ఆ అవసరమూ లేదు. ఫోనులో పీడీఎఫ్ తెరుచుకుంటే వారి పని జరుగుతుంది.

క్లౌడులో ఏదంటే, ఎక్సెల్‌లో బిల్లులు చేసే సంస్థకు మైక్రోసాఫ్ట్ వైపే కాస్త మొగ్గుతాను. ఎక్సెల్‌లో పనులు వాటంతటవే జరిగేలా రాసుకునే మాక్రోలు మరోచోట సరిగ్గా నడుస్తాయన్న భరోసా లేదు. మైక్రోసాఫ్ట్ బిజినెస్ పథకాల్లో షేర్‌పాయింట్‌కు సంస్థ మొత్తానికి 1 టెరాబైటు, దానిపై ఒక్కో లైసెన్సుకు 10 గిగాబైట్లు ఇస్తారు. మీ 45 మందికి అది సుమారు 1.45 టెరాబైట్లు. మీ దగ్గర ఎక్సెల్ వాడకం తక్కువై, అందరూ జీమెయిల్‌కు అలవాటు పడి ఉంటే గూగుల్ తీసుకున్నా నష్టం లేదు. చెన్నై సంస్థ జోహోలో ఫైళ్లు, ప్రాజెక్టులు, ఉద్యోగుల ప్రకటనల బోర్డు ఒకే గొడుగు కింద దొరుకుతాయి. చిన్న సంస్థ బడ్జెటుకు అది తప్పక పోల్చి చూడదగినది. సొంత సర్వరు మీదే అంతా ఉండాలంటే, 2016లో ఓన్‌క్లౌడ్ నుంచి విడివడిన నెక్స్ట్‌క్లౌడ్ ఉంది. సాఫ్టువేరుకు రూపాయి కట్టనక్కరలేదు కాని, దాన్ని నవీకరిస్తూ కనిపెట్టుకుని ఉండే మనిషికి జీతం కట్టాలి. ఆ మనిషి లేకుండా ఆ దారి పట్టకండి.

ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు, రేపు మానేయాలంటే మా ఫైళ్లు ఏ రూపంలో తిరిగి ఇస్తారని అడగండి. పెద్ద కంపెనీ కదా అని ధీమా పడనక్కరలేదు. ఫేస్‌బుక్ వారు 2016లో తెచ్చిన వర్క్‌ప్లేస్‌ను ఎన్నో పెద్ద సంస్థలు ఇంట్రానెట్‌గా వాడుకున్నాయి. 2024 మే నెలలో దాన్ని మూసేస్తున్నట్టు ప్రకటించి, 2025 ఆగస్టు వరకే మామూలుగా పని చేయనిచ్చారు.

ప్రశ్న: మాది 12 మంది ఉన్న డిజైన్ సంస్థ. రెండేళ్లలో స్లాక్, ట్రెల్లో, జిరా మూడూ పెట్టి చూశాం. నెల తిరక్కుండానే అందరూ మళ్లీ వాట్సాప్‌కు, నోటిమాటకు వచ్చేస్తున్నారు. మా వాళ్లకు తగిన సాధనం ఏది?
- ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: సాఫ్టువేరు తయారీ బృందాలకు అమరినట్టు జిరా మీలాంటి వారికి అమరదు, అది మీ తప్పు కాదు. స్లాక్ సంభాషణ కోసం, పనుల లెక్క కోసం కాదు. అందులో ఉచిత పథకంలో 90 రోజుల కిందటి మాటలు కనిపించవు కాబట్టి, క్లయింటు రంగు మార్చమని ఎప్పుడు చెప్పారో నాలుగు నెలల తరవాత వెతికితే దొరకదు. మిగిలింది ట్రెల్లో. చేయాల్సినవి, చేస్తున్నవి, అయిపోయినవి అనే మూడు నిలువు వరసల బోర్డుతో మీ పని చక్కగా సాగుతుంది; కాకపోతే ఉచిత పథకంలో పదిమందికే చోటు కనుక డబ్బు కట్టాల్సి ఉంటుంది. ఇప్పటికే మైక్రోసాఫ్ట్‌కు చందా కడుతూ ఉంటే అందులోని ప్లానర్ ఇదే పని చేస్తుంది, వేరే ఖర్చు అక్కరలేదు.

అయితే నెల తిరక్కుండానే మానేయడానికి కారణం, నా అనుభవంలో, దాదాపు ఎప్పుడూ యజమానే. సోమవారం సమావేశంలో మీరు బోర్డు తెరవకుండా "ఆ బ్రోచరు ఎంతవరకూ వచ్చింది?" అని నోటితో అడిగితే, అది నింపడం వృథా అని అందరికీ ఆ రోజే అర్థమైపోతుంది. బోర్డులో లేని పనిని అడగకండి, బోర్డులో రాయని పని అయిపోయిందంటే ఒప్పుకోకండి. ఆరు వారాలు ఇలా గడిపి, అప్పటికీ కుదరకపోతే సాధనం మార్చే మాట ఆలోచించండి.

ప్రశ్న: మేం పుస్తకాలు అచ్చువేస్తాం. ఇరవై ఏళ్ల పుస్తకాల ఫైళ్లన్నీ డ్రైవులోకి ఎక్కించాం. తెలుగులో వెతికితే ఒక్కటీ రావడం లేదు. ఇంకో కంపెనీ సేవకు మారితే వస్తుందా?
- ఒక ప్రచురణకర్త, గుంటూరు

జవాబు: రాదు. మీ ఫైళ్లు 'అను' అనే పాత తెలుగు ఫాంట్లలో ఉన్నవై ఉండాలి. ఆ ఫాంట్లలో తెరమీద 'అ' కనిపించినా, ఫైలు లోపల దాగి ఉండేది ఏదో ఇంగ్లీషు అక్షరమో గుర్తో. మీరు వెతుకుతున్నది యూనికోడ్ 'అ', అంటే ఏ కంప్యూటరైనా తెలుగు అక్షరంగానే గుర్తించేది. ఆ రెండూ ఒకటేనని ఏ కంపెనీ వెతుకుడు యంత్రానికీ తెలియదు. పుస్తకం పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ఫైళ్లయితే చాలా సేవలు లోపలికి చూడనైనా చూడవు.

మొత్తం ఇరవై ఏళ్ల సరుకునూ యూనికోడ్‌లోకి మార్చాలని కూర్చుంటే ప్రూఫులు దిద్దే పనికి అంతు ఉండదు, ఎందుకంటే మార్పిడి సాధనాలు ఒత్తుల దగ్గర తడబడతాయి. మళ్లీ అచ్చుకు వెళ్లే పుస్తకాలను మాత్రం ఆ సందర్భంలోనే మార్చుకోండి. మిగతావాటికి ఒక పట్టిక చాలు: పుస్తకం పేరు, రచయిత, ముద్రణ సంవత్సరం, ఫైలు లింకు, ఈ నాలుగూ యూనికోడ్‌లో ఉన్న ఒక్క ఎక్సెల్ షీటు. దానితో పాటు వాడిన ఫాంట్ల ఫైళ్లనూ ఆ ఫోల్డరులోనే భద్రపరచండి. ఫాంటు పోతే ఆ ఫైలు మీకే అర్థం కాదు.

ప్రశ్న: మా ఆఫీసు సర్వరులోని ఫోల్డర్లు ఇంటినుంచి కూడా కనిపించేలా మా కంప్యూటర్లు చూసే కుర్రాడు రౌటరులో ఏదో 'పోర్టు' తెరిచాడు. బాగానే పనిచేస్తోంది. ప్రమాదం ఏమైనా ఉందా?
- ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ఈ పత్రిక పక్కనపెట్టి, ముందు ఆ పోర్టు మూయించండి; అది బయటి ఇంటర్నెట్ నుంచి మీ సర్వరులోకి తెరిచిన తలుపు. విండోస్ ఫోల్డర్లు పంచుకునే ఎస్ఎంబీ పద్ధతి నాలుగు గోడల మధ్య వాడుకోవలసినది. 2017 మే నెలలో వనాక్రై అనే రాన్సమ్‌వేరు (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే దొంగ సాఫ్టువేరు) ప్రపంచమంతా పాకింది ఆ పద్ధతి పాత రూపంలోని లోపాన్ని పట్టుకునే. అప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. బాధపడాల్సిన సంగతి ఏమిటంటే, ఆ లోపానికి మందును మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది. మీది విండోస్ సర్వరు కాదు, ఎన్ఏఎస్ అనుకున్నా ఊరట లేదు: 2022 జనవరిలో ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచిన క్యూనాప్ కంపెనీ ఎన్ఏఎస్ పెట్టెలను వెతికి పట్టుకుని డెడ్‌బోల్ట్ అనే మరో రాన్సమ్‌వేరు తాళాలు వేసింది. ఇంటినుంచి పని కావాలంటే వీపీఎన్ పెట్టించుకోండి, లేదా ఆ కొద్ది ఫోల్డర్లనూ క్లౌడు సేవలోకి మార్చి రెండంచెల లాగిన్ పెట్టుకోండి.

మీది ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ అయితే మరో రెండు సంగతులు. ఎలక్ట్రానిక్ రూపంలోని ఖాతా పుస్తకాల బ్యాకప్ భారతదేశంలో ఉన్న సర్వరులో రోజూ ఉండాలని 2022 ఆగస్టులో కంపెనీల అకౌంట్ల నియమాలను సవరించారు. అదే సంవత్సరం ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబరు భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి సైబరు దాడి జరిగితే తెలిసిన 6 గంటల్లోపు వారికి తెలియజేయాలి.

సర్వరులో రెండు డిస్కులు జంటగా ఉన్నాయి కాబట్టి బ్యాకప్ ఉన్నట్టేనని ఆ కుర్రాడు చెప్పవచ్చు. ఒక డిస్కు చెడిపోతే రెండోది ఆదుకుంటుంది, నిజమే. పొరపాటున ఫైలు చెరిపేస్తే మాత్రం రెండింటిలోనూ ఒకేసారి చెరిగిపోతుంది. రాన్సమ్‌వేరు వస్తే రెండింటికీ కలిపే తాళం పడుతుంది. అందుకే వారానికొకసారి తగిలించి, పని కాగానే విప్పి ఆఫీసు బయట దాచే ఒక డిస్కు విడిగా ఉండాలి. ఈ శనివారమే ఆ కుర్రాణ్ణి కూర్చోబెట్టి, పోయిన నెలలోని ఏదో ఒక ఇన్వాయిస్‌ను బ్యాకప్‌లోంచి వెనక్కి తెమ్మనండి. ఎంతసేపు పట్టిందో రాసిపెట్టుకోండి. తేలేకపోతే నాకు మళ్లీ రాయండి.