మడమ నొప్పికి పిలాటిస్ పనిచేస్తుందా?

ప్రశ్న: నాకు 44 ఏళ్ళండి, షటిల్ ఆడతాను. నాలుగు నెలల్నుంచి కుడి మడమ పైన వెనకవైపు నొప్పి, పొద్దున్నే మంచం దిగితే పది అడుగులు కుంటాల్సిందే. స్కానింగ్ చేసి అకిలిస్ టెండన్ వాచింది, తెగలేదు అన్నారు. రెస్ట్ తీసుకుంటే తగ్గుద్ది, రాకెట్ పట్టుకోగానే మళ్ళీ మొదటికే. మా ఆడపడుచు పిలాటిస్ అనే కసరత్తుల క్లాసులో చేరమంటోంది, చేరనా?
ఓ పాఠకురాలు, విజయవాడ

జవాబు: చేరండమ్మా, కాకపోతే అక్కడేం చేయిస్తారో అడిగి మరీ చేరండి. మనం నరం పట్టేసింది అంటాం గానీ ఈ అకిలిస్ టెండన్ నరం కాదు, పిక్క కండని మడమ ఎముకకి కట్టి ఉంచే తాడు లాంటిది, దానికి రక్తం అందేదే తక్కువ కాబట్టి మానడానికి నెలలు పడుతుంది. రెస్ట్‌తో నొప్పి పోతుంది, బలం మాత్రం రాదు, మీకు మళ్ళీ మళ్ళీ తిరగబెడుతోంది అందుకే. ఆ టెండన్ చేత బరువు మోయించాలి, అదీ కొంచెం కొంచెంగా పెంచుకుంటూ.

రిఫార్మర్ అని స్ప్రింగులున్న బల్ల ఉంటుంది చూడండి, అది మీకు బాగా పనికొస్తుంది. వెల్లకిలా పడుకుని మునివేళ్ళు బార్‌కి ఆనించి రెండు కాళ్ళతో తోసి, ఎడమకాలు తీసేసి, కుడి మడమ ఒక్కటే నాలుగు లెక్కపెడుతూ మెల్లగా దించాలి. ఒంటి బరువంతా పడదు, వారం వారం స్ప్రింగు పెంచుకోవచ్చు. (మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్‌వాళ్ళు నిర్బంధించిన జర్మన్, ఈ పద్ధతి మొదలెట్టిన జోసెఫ్ పిలాటిస్, ఆస్పత్రి మంచాలకి స్ప్రింగులు కట్టి రోగులతో కసరత్తు చేయించాడని చెప్పుకుంటారు లెండి.)

చాప మీద పొట్ట, నడుము వ్యాయామాలు ఒక్కటే చేయిస్తే మాత్రం మడమకి ఒరిగేదేం లేదు. రిఫార్మర్ అయినా సగం దారే, చివరికి నిలబడే చెయ్యాలి. స్వీడన్ డాక్టర్ ఆల్ఫ్రెడ్‌సన్ 1998లో చెప్పిన పద్ధతి ఇప్పటికీ వాడతాం: మెట్టు అంచున నొప్పి కాలి మడమ మెల్లగా దించడం, మోకాలు నిటారుగా 15 చొప్పున 3 సెట్లు, వంచి ఇంకో 3, రెండు పూటలా, 12 వారాలు. నొప్పి మడమ ఎముకకి అతుక్కునే చోటే ఉంటే మాత్రం మెట్టు కిందికి దించొద్దు, నేల మీదే చెయ్యండి.

చేసేటప్పుడు కాస్త నొప్పి ఉంటుంది, పదికి ఐదు దాకా ఫర్వాలేదు. మర్నాడు పొద్దున ఆ పది అడుగులు ఇరవై అయితే ఒక స్ప్రింగు తగ్గించమనండి. సిప్రోఫ్లోక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్ ఎవరైనా రాస్తే ఈ టెండన్ సంగతి ముందే చెప్పండి, అవి దాన్ని ఇంకా దెబ్బతీస్తాయి. ఎప్పుడైనా టప్‌మని చప్పుడొచ్చి మునివేళ్ళ మీద లేవలేకపోతే పిలాటిస్ కాదు, ఆ రోజే ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికెళ్ళాలి.

షటిల్ అంటారా, కుడికాలి మీద ఒక్కదాని మీదే నొప్పి లేకుండా ఇరవైసార్లు లేవగలిగాక మాట్లాడుకుందాం.